మీ ఇష్టం అండీ

మా కింది వాటాలో ఉండే ఆంటీ కుట్టుమిషను మీద ఎప్పుడూ ఒక శాలువా కప్పి ఉంటుంది. ముదురు ఎరుపు, అంచుకు జరీ, సభల్లో పెద్దవాళ్లకు కప్పే రకం. భవానీపురంలో ఆ ఇంటి పైవాటాలోకి మేము అద్దెకు దిగిన కొత్తలో, ఈవిడకు ఎవరో సన్మానం చేసినట్టున్నారు, అలాంటి దాన్ని దాచుకోకుండా మిషను మీద పడేయడం ఏమిటి అనుకునేదాన్ని. అడగలేదు. అడగకపోవడం నాకు బాగా వచ్చిన పని. అడగాలనిపించినవన్నీ డైరీలో రాసుకుంటాను. ఆ వారం పేజీలో ఒక మూల ‘కింది ఆంటీ, శాలువా, ఎందుకు?’ అని ఉంది.

ఆంటీ కుట్టేది కూచిపూడి నాట్యానికి వేసుకునే డ్రెస్సులు. పట్టుచీర తెచ్చి ఇస్తే దాన్ని కోసి, పైజామా, జాకెట్టు, పమిట, నడుము పట్టీ, ముందువైపు విసనకర్రలా విచ్చుకునే కుచ్చెళ్లు, అన్నీ విడివిడిగా కుడతారు. కుచ్చెళ్లకు ఇస్త్రీ వేయడం అంకుల్ పని. ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారు. “మా ఆయన కంటే ఆ ఇస్త్రీపెట్టే ఎక్కువ మాట్లాడుద్ది” అని ఆంటీ ఎగతాళి చేస్తారు. ఆదివారం ఉదయం ఇద్దరూ చర్చికి వెళ్తారు. ఆ ఒక్కపూటే మిషను చప్పుడు ఉండదు.

ఆవిడ చీర కోయడం చూడాలి. ఎవరో తల్లి నాలుగు నెలలు డబ్బు దాచిపెట్టి కొన్న ధర్మవరం చీర. దాన్ని బల్ల మీద పరిచి, అరచేత్తో ఒకసారి నిమిరి, కత్తెర వేస్తారు. మధ్యలో ఆగరు. కొలత మళ్లీ చూసుకోరు. ఆ చెయ్యి ఎప్పుడూ ఇలాగే ఉందనుకున్నాను. కత్తెర పట్టినప్పుడు వణకని ఆ చెయ్యి, ఒకప్పుడు కూలీ డబ్బులు అడగాల్సి వస్తే వణికేదని తర్వాత తెలిసింది.

అప్పట్లో నేను గవర్నర్‌పేటలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కంప్యూటరు మీద తెలుగు టైపు చేసేదాన్ని. మేడ మీద గది, మెట్ల కింద టీ బడ్డీ, ఎదురుగా లాడ్జి. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, అప్పుడప్పుడు ఎవరో పెద్దాయన సొంత డబ్బుతో అచ్చు వేయించుకునే పుస్తకం. ఆ పుస్తకాల కోసమే నేను ఆ ఉద్యోగంలో ఉన్నాను. ఎవరూ పెద్దగా చదవని పుస్తకాలన్నిటికీ మొదటి పాఠకురాలిని నేనే. ఒక వాక్యం బాగుంటే టైపు ఆపి రెండోసారి చదువుకునేదాన్ని. అచ్చుతప్పులు నా కంటికి వాటంతట అవే కనబడతాయి. మా ఓనరు గారు మంచివారు. సాయంత్రం ప్రెస్సు పని అయ్యాక, బయటి పనులేవైనా ఉంటే ఆ కంప్యూటరు మీదే చేసుకోమనేవారు.

బయటి పనులు వచ్చేవి. డబ్బులు వచ్చేవి కావు. తప్పు పని ఇచ్చేవాళ్లది కాదు. “ఎంత ఇమ్మంటావమ్మా?” అని వాళ్లు మర్యాదగానే అడిగేవారు. నేను తల వంచుకుని “మీ ఇష్టం అండీ” అనేదాన్ని.

ఆ మాట మా ఇంట్లో నేర్చుకున్నదే. మా అమ్మ కూరగాయల బండి దగ్గర కరివేపాకు కొసరు కోసం ఐదు నిమిషాలు నిలబడి వాదిస్తుంది. అదే అమ్మ, ఎదురింటివాళ్లు ఆవకాయ పెట్టించుకుని ఎంతివ్వమంటారని అడిగితే, “అయ్యో, మన మధ్య డబ్బులేంటండీ, మీ ఇష్టం” అంటుంది. నూనె ఖర్చు కూడా రాదు. నాన్న బట్టల హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. జీతం పెంచమని ఎన్నడూ అడగలేదు. “ఆయనకు తెలీదా, ఆయనిష్టం” అంటారు. కొనేటప్పుడు మా అంత గట్టివాళ్లు లేరు. చేసిన పనికి డబ్బు చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం మా ఇంట్లో అందరికీ గొంతు పోతుంది.

ఒకసారి ఒక లాయరు గారి భార్య తాను రాసుకున్న భక్తి పాటలు నాతో టైపు చేయించుకున్నారు. నూట ఎనభై పేజీలు, నలభై సాయంత్రాలు. అలవాటు ప్రకారం మీ ఇష్టం అండీ అన్నాను. ఆవిడ ఎంతో ప్రేమగా బొట్టు పెట్టి, ఒక జాకెట్టు ముక్క, రెండు అరటిపళ్లు, తాంబూలంలో ఐదు వందల నోటు పెట్టి ఇచ్చారు. ఆ జాకెట్టు ముక్క కుట్టించుకోవడానికే నేను మొదటిసారి ఆంటీ గుమ్మం ఎక్కాను.

ఆంటీ గుడ్డను వేళ్లతో నలిపి చూశారు. “ఎవరిచ్చారు?”

చెప్పాను.

“ఎన్ని పేజీలు?”

“నూట ఎనభై అండీ.”

“ఎంతిచ్చారు?”

“ఐదొందలు. ఇదీ. రెండు అరటిపళ్లు కూడా.”

“పళ్లు బావున్నాయా?”

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. “దీన్ని కుడితే నాకు మూడొందల యాభై ఇయ్యాలి నువ్వు. ఇక నీకు మిగిలేది నూట యాభై. ఇంతకీ నువ్వెంత అడిగావ్?”

“మీ ఇష్టం అన్నానండీ.”

ఆవిడ కొలతల టేపు మెడలో వేసుకుని, మిషను మీద శాలువా తీసి నా ముందు పెట్టారు. “ఇదేంటో తెలుసా? ఇది నా మీ ఇష్టం.”

చాలా ఏళ్ల క్రితం ఒక నాట్య బృందానికి ఇరవై రెండు డ్రెస్సులు కుట్టారట. నెలన్నర పని. దారం, లైనింగు గుడ్డ, హుక్కులు అన్నీ అప్పు తెచ్చి కుట్టారు. ఎంతమ్మా అని అడిగితే, “మీకు తెలీదా సార్, మీ ఇష్టం” అన్నారు. కార్యక్రమం రోజున ఆవిడను స్టేజి మీదకు పిలిచి, ఈ తల్లి చేతుల్లో కళ ఉందని మైకులో చెప్పి, దండ వేసి, ఈ శాలువా కప్పి, ఫొటో తీశారు.

“అందరూ చప్పట్లు కొడతంటే నాకూ బానే ఉంది తల్లీ. అబద్ధమెందుకు. ఇంటికొచ్చేసరికి దారాల కొట్టాయన వాకిట్లో కుర్చీ ఏసుకుని కూర్చున్నాడు. ఆయనకి శాలువా చూపించా.”

గది మూల నుంచి అంకుల్ ఇస్త్రీ ఆపకుండానే అన్నారు, “ఆయన కప్పుకోనన్నాడు.”

ఆ ఇంట్లో దిగాక అంకుల్ నోట నేను విన్న మొదటి వాక్యం అది.

“వాళ్లు మోసం చేశారనుకోబాకు” అన్నారు ఆంటీ. “వాళ్లిష్టం అన్నా. వాళ్లిష్టం ఇది. పాపం ఇష్టంగానే కప్పారు.”

ఆ రోజు నుంచి, ప్రెస్సు నుంచి వచ్చాక ఓ గంట కింద కూర్చోవడం అలవాటైంది. నా చేతిరాత బాగుంటుందని కొలతల పుస్తకం నాకిచ్చారు. ఆవిడ అంకెలు చెప్తే నేను రాసేదాన్ని. మూల స్టూలు మీద కూర్చుని ఎవరి కంటా పడకుండా అందరి మాటలూ వినడం నాకు ఇష్టమైన పని. అక్కడ నేను రాసుకున్నది కొలతలు మాత్రమే కాదు. వాటి కంటే జాగ్రత్తగా చూసింది, ఆంటీ రేటు ఎలా చెప్తారన్నది.

ఒక ఆవిడ పటమట నుంచి స్కూటీ మీద కూతుర్ని తీసుకుని వచ్చింది. పాప అరంగేట్రం వచ్చే నెల. నెమలికంఠం రంగు చీర బల్ల మీద పెట్టి, “ఎంతవుద్దండీ?” అంది.

“మూడు వేల రెండొందలండీ” అన్నారు ఆంటీ. అని, సూది తీసుకుని దారం ఎక్కించడం మొదలుపెట్టారు.

“అమ్మో. గవర్నర్‌పేటలో రెండు వేలకే కుడతన్నారంటండీ.”

“కుడతారండీ. బానే కుడతారు కూడా.”

ఆవిడ గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. మళ్లీ సూది కంటి దగ్గరకు పెట్టుకున్నారు. ఆ తల్లి చీర వైపు చూసింది. కూతురు వైపు చూసింది. గోడకు వేలాడుతున్న కుచ్చెళ్ల వైపు చూసింది. ఫ్యాను తిరుగుతోంది. నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఎవరైనా ఏదైనా అంటే బాగుండును, పోనీ నేనే ‘మూడు వేలు చేసుకోండి’ అనేస్తే ఈ ఇబ్బంది తీరిపోతుంది కదా అనిపించింది. నా పని కాదు, నా డబ్బు కాదు. అయినా తగ్గించేయాలనిపించింది.

“సరే గానీ, పదో తారీఖుకల్లా ఇస్తారా మరి?” అంది ఆ తల్లి.

“ఎనిమిదికే రండి. ఏసుకుని చూశాక కుచ్చెళ్లు సర్దాలి.”

వాళ్లు వెళ్లాక చూస్తే ఆంటీ చేతిలో సూదికి దారం ఎక్కే ఉంది. ఎప్పుడో ఎక్కింది. దాన్ని లాగేసి మళ్లీ ఎక్కిస్తూ కూర్చున్నారు, అంతే.

“రేటు చెప్పాక ఏం చెయ్యాలో తెలీదు తల్లీ మనకి. అక్కడే చెడిపోద్ది. మూడు వేలనేస్తాం, వాళ్లు ఒక్క క్షణం ఊరుకుంటే చాలు, ‘మీకెక్కువనిపిస్తే చూసి ఇయ్యండి’ అని మన నోటితో మనమే పోగొట్టుకుంటాం. అందుకని సూది పట్టుకుంటా. చేతికి పనుంటే నోరు ఊరుకుంటది.”

మొదట్లో ఆవిడ నోటితో చెప్పలేక, పాత క్యాలెండరు వెనక రేట్లు రాసి గోడకు తగిలించారట. ఎవరైనా అడిగితే గోడ వైపు చూపించేవారు. రెండేళ్లకు నోరు పెగిలాక క్యాలెండరు తీసేశారు. ఆ మేకు ఇంకా ఉంది. ఇప్పుడు దానికి కత్తెర వేలాడుతుంది.

ఇంకొక పద్ధతి ఉంది ఆవిడకు. అది మరెక్కడా నేను చూడలేదు. ప్రతి డ్రెస్సుకూ వచ్చిన డబ్బులో రెండు వందలు తీసి బిస్కెట్ల డబ్బాలో వేస్తారు. దాన్ని ‘మిషను జీతం’ అంటారు. ఇంట్లో బియ్యం నిండుకున్నా ఆ డబ్బా ముట్టరు. “పని చేసింది నేనూ అదీ ఇద్దరం కదా. నా జీతం నేను తింటా. దాని జీతం దానికుండాలి” అంటారు. ఆ డబ్బా నిండినప్పుడల్లా పోస్టాఫీసులో వేసి, అందులోంచే మోటారు మిషను కొన్నారు, తర్వాత పెద్ద ఇస్త్రీ బల్ల, తర్వాత రెండో మిషను. ఎవరినీ చెయ్యి చాచి అడగలేదు. ఎవరి ఇష్టం మీదా ఆధారపడలేదు. నేను చదివిన పుస్తకాల్లో ధైర్యవంతులు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరూ నాకు ఇంత దగ్గరగా కూర్చుని దారం ఎక్కించలేదు.

ఇలా ఉండగా మా ప్రెస్సు మూసేస్తున్నట్టు ఓనరు గారు చెప్పారు. పెళ్లి కార్డులు ఫోన్లలోనే పంపుకుంటున్నారు, బిల్లు పుస్తకాలు అడిగేవాళ్లు లేరు. మిషన్లు ఎవరికో మాట్లాడేశారు. నన్ను పిలిచి, “నువ్వు చేసే కంప్యూటరు, ఆ ప్రింటరు నువ్వే తీసుకోమ్మా. ఇంట్లో పెట్టుకుని సొంతంగా చేసుకోవచ్చు. బయటోడికైతే ఇరవై ఐదుకిస్తా, నీకు ఇరవై వేలు. నెలాఖరు దాకా ఆగుతా. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు” అన్నారు.

నా దగ్గర ఎనిమిది వేలు ఉన్నాయి. ఆ కంప్యూటరు చేజారితే, ఏ బట్టల షాపు కౌంటర్లోనో బిల్లులు కొట్టే పని చూసుకోవాలి. బిల్లులు కొట్టడం తప్పు పనేం కాదు. కానీ అక్కడ వాక్యాలు ఉండవు.

సరిగ్గా అప్పుడే మాస్టారి పని వచ్చింది. ఆయన కూచిపూడి దాటాక, మా అమ్మ పుట్టిన ఊళ్లో ఉంటారు. హైస్కూల్లో అమ్మకు లెక్కలు చెప్పారు. వాళ్ల ఊరి కాలువ గురించి, ఆ నీళ్లను ఊరివాళ్లు వంతులవారీగా పంచుకున్న పద్ధతి గురించి ఒక పుస్తకం రాశారు. నేను టైపు చేస్తానని ఎవరో చెబితే అమ్మకు ఫోను చేశారు. చేతిరాతలో ఆరు వందల నలభై పేజీలట. రెండు పేజీలకు ఒక అచ్చు పేజీ చొప్పున మూడు వందల ఇరవై అవుతుందని నేను అంచనా వేసుకున్నాను.

అమ్మ సంబరపడిపోయింది. వెంటనే, “మాస్టారి దగ్గర డబ్బుల మాటెత్తబాకు. ఆయనే చూసి ఇస్తారు” అంది.

ఆ సాయంత్రం ఆంటీకి అంతా చెప్పాను. ఆవిడ కుచ్చెళ్లు పక్కన పెట్టారు. “ఒక పేజీకి ఎంతసేపు పట్టుద్ది నీకు, తప్పులు దిద్దడం కూడా కలిపి?” అని అడిగారు. పేజీకి ఎంత అడగాలో నా చేతనే లెక్క వేయించారు. డెబ్బై ఐదు దగ్గర ఆగింది. మొత్తం ఇరవై నాలుగు వేలు. సగం అడ్వాన్సు అడిగితే పన్నెండు. నా ఎనిమిదితో కలిపితే ఇరవై. ఆ అంకెలు అంత సరిగ్గా సరిపోవడం చూసి నాకు సంతోషం వేయలేదు, భయం వేసింది. ఇక వంక లేదు.

“ఇప్పుడు నేను మాస్టారిని” అన్నారు ఆంటీ, కుర్చీలో వెనక్కి వాలి. “ఎంత తీసుకుంటావ్ తల్లీ?”

“డెబ్బై... ఐదు అండీ. పేజీకి. మీకు ఎక్కువనిపిస్తే...”

“ఆగు. ఆ రెండో ముక్క నిన్నెవరడిగారు?”

“పెద్దాయన కదా ఆంటీ.”

“పెద్దాయనకి చెవుడా? మొదటి ముక్క వినపడలేదా? మళ్లీ చెప్పు.”

మళ్లీ చెప్పాను. ‘అండీ’ కూడా తీసేయాలా అని అడిగాను.

“ఎందుకు తియ్యడం? అండీ ఉండాల్సిందే. మర్యాదకి డబ్బులేం ఖర్చు కావు. మీ ఇష్టం తీసెయ్, చాలు.”

ఆరేడు సార్లు చెప్పించారు. చివరిసారి బాగా వచ్చింది. అప్పుడు ఆవిడ కావాలనే ఏమీ మాట్లాడకుండా నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. నేనూ ఊరుకున్నాను. చాలాసేపు అలాగే ఉన్నాం. చివరికి ఆవిడే నవ్వేశారు.

“ఇది నాకు రెండేళ్లు పట్టింది. నీకు పుట్టుకతోనే ఉంది. మాట్లాడకుండా ఎంతసేపైనా కూర్చుంటావు నువ్వు. ఆ ఒక్క ముక్క బయటికి రానియ్, తర్వాతంతా నీదే.”

నా మొహమాటాన్ని ఒక లోటుగా కాకుండా చూసినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఆ మాట డైరీలో రాసుకుని, కింద గీత గీశాను.

ఆదివారం అమ్మా నేనూ బస్సెక్కాం. పామర్రులో దిగి ఇంకో బస్సు, తర్వాత ఆటో. దారి పొడుగునా కాలువ పక్కనే వచ్చింది. కిటికీ అద్దానికి నుదురు ఆనించి ‘డెబ్బై ఐదు అండీ, డెబ్బై ఐదు అండీ’ అనుకుంటూనే ఉన్నాను. అమ్మ నాకు కళ్లు తిరుగుతున్నాయనుకుని నిమ్మకాయ ఇచ్చింది.

మాస్టారు వసారాలో చెక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. తెల్లని బనీను, పంచె, జేబులేని బనీనుకు ఎక్కడో పెన్ను గుచ్చుకుని. అమ్మను చూడగానే, “ఏమే, పదమూడో ఎక్కం వచ్చిందా?” అన్నారు. అమ్మ యాభై ఏళ్ల మనిషి, నిజంగానే చేతులు వెనక్కి పెట్టుకుంది. లోపల నుంచి ఎవరో రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి పెట్టారు.

కాగితాల కట్ట బల్ల మీద ఉంది. మూలకు కన్నం పొడిచి తెల్ల ట్యాగుతో కట్టారు. చూడవచ్చా అని అడిగి ముడి విప్పాను. మొదటి నాలుగు పేజీలు అక్కడే చదివేశాను. కాలువకు నీళ్లు వదిలిన రోజు గట్టు మీద నిలబడి మొదటి నీరు రావడం చూసిన సంగతి రాశారు. మట్టిని తోసుకుంటూ, పుల్లల్ని మోసుకుంటూ, భయంభయంగా వచ్చిందట నీరు. ఆ వాక్యాన్ని రెండోసారి చదివాను. చదివాక ఈ పని ఉచితంగానైనా చేసేయాలనిపించింది. అదే నాకు అన్నిటికంటే పెద్ద ప్రమాదం.

“ఎట్టా ఉంది?”

“చాలా బాగుందండీ. ఇక్కడ ‘వంతు’ అన్న మాట మూడు రకాలుగా రాశారు. ఒకేలా చేయాలి.”

ఆయన కళ్లద్దాలు సర్దుకుని నా వైపు సరిగ్గా చూశారు. “సరే. ఎంత తీసుకుంటావమ్మా?”

వసారా చూరు కింద పిచ్చుక ఏదో అరుస్తోంది.

“పేజీకి డెబ్బై ఐదు అండీ. సగం అడ్వాన్సు.”

అనేశాను. బయటికి వచ్చేసింది. చేతులకు ఏం పని చెప్పాలో తోచక, విప్పిన ట్యాగు తీసుకుని కాగితాల కన్నంలోంచి దూర్చడం మొదలుపెట్టాను. ట్యాగు కొసకు ఉండే రేకు ఊడిపోయి ఉంది. దూరడం లేదు. నయమే అనుకున్నాను.

మాస్టారు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నాకు ఇబ్బందిగా లేదు. ఎన్నో ఏళ్లుగా అలవాటైన చోట కూర్చున్నట్టే ఉంది. కానీ పక్కన అమ్మ కదిలింది. కుర్చీలో ముందుకు జరిగింది. చీర చెంగు సర్దుకుంది. పెదవులు విడివడ్డాయి. ఆ మాట అక్కడికి రావడం నాకు కనబడింది. నా నోట్లోంచి అన్నిసార్లు వచ్చిన మాట, మొదట ఎక్కడ పుట్టిందో అప్పుడు కళ్లారా చూశాను.

“అదే మాస్టారండీ, మీ...”

“అమ్మా, మజ్జిగ తాగు” అని గ్లాసు తీసి చేతిలో పెట్టాను.

అమ్మ నా మొహం చూసి, ఏమనుకుందో, మజ్జిగ తాగింది. మొత్తం తాగింది.

“మా ఊరి ఆడపడుచు కూతురివి” అన్నారు మాస్టారు. “డెబ్బై చేసుకో.”

ఇది ఆంటీ నేర్పలేదు. ట్యాగు వైపే చూస్తూ ఒక్క క్షణం ఆలోచించాను. ఐదు రూపాయలే కదా అనిపించింది. వెంటనే, ఆ ‘కదా’ను నేను ఇంతకుముందు ఎన్నిసార్లు అనుకున్నానో గుర్తొచ్చింది.

“డెబ్బై ఐదేనండీ. మూడుసార్లు ప్రూఫు చూస్తాను. మాటలన్నీ ఒకేలా చేసి ఇస్తాను.”

ఆయన పైకి చూస్తూ పెదాలు కదిలించారు. “మూడొందల ఇరవై ఇంటూ డెబ్బై ఐదు. ఇరవై నాలుగు వేలు. సగం పన్నెండు.” తర్వాత అమ్మ వైపు తిరిగారు. “నీకు రాలేదు గానీ నీ కూతురికి లెక్కలొచ్చినయ్యే.”

అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“ఇంతకుముందు ఒకాయన దగ్గరికెళ్లానమ్మా. ఎంతయ్యా అంటే మీ ఇష్టం సార్ అన్నాడు. ఎంతిస్తే తక్కువవుద్దో, ఎంతిస్తే నన్ను ఎర్రోణ్ని చేస్తాడో తెలీక వారం రోజులు తిరిగా. చివరికి కాగితాలు వెనక్కి తెచ్చుకున్నా. ఈ మాట ముందే చెప్తే ఎంత హాయి.” అని, ఫోను తీసి, “ఇందులో పంపమంటావా, నోట్లిమ్మంటావా?” అన్నారు.

నేను మర్యాద అనుకున్న మాట ఎదుటివాళ్ల నెత్తిన పెట్టే బరువని నాకు అప్పటిదాకా తెలియదు. లాయరు గారి భార్య కూడా ఆ తాంబూలం సర్దుతూ ఎంత తికమక పడ్డారో. పాపం, జాకెట్టు ముక్క రంగు మాత్రం చాలా బాగా ఎంచారు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు అమ్మ తీసుకుంది. ఉయ్యూరు దాటాక, “ఎదురింటివాళ్లు ఈసారి మాగాయ అడిగారు” అంది, కిటికీలోంచి చూస్తూ. “కేజీకి ఎంత చెప్పమంటావ్?”

నెలాఖరుకు మూడు రోజుల ముందు కంప్యూటరు, ప్రింటరు మా ముందుగదిలోకి వచ్చాయి. నాన్న కిటికీ పక్క బల్ల ఖాళీ చేసి ఇచ్చారు. ఆంటీ ఖాళీ బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి దాని పక్కన పెట్టి వెళ్లిపోయారు. కంప్యూటరు జీతం పేజీకి ఐదు రూపాయలు. మాస్టారు తగ్గించమన్న ఆ ఐదు రూపాయలే. ఇప్పటికీ ఇంటి ఖర్చులకు ముట్టలేదు. దాంతోనే ఈ మధ్య పోస్టాఫీసులో నా పేరు మీద పుస్తకం తెరిచాను. ఫారం మీద ‘వృత్తి’ అన్న చోట ఏం రాయాలో కాసేపు ఆలోచించి, ‘సొంత పని’ అని రాశాను. అక్షరాలు కొంచెం పెద్దవిగానే పడ్డాయి.

నాలుగు నెలలకు మాస్టారి పుస్తకం అచ్చయింది. వాళ్ల ఊరి హైస్కూల్లో సభ పెట్టారు. నేను చివరి వరసలో, తలుపు దగ్గర కూర్చున్నాను. కొత్త పుస్తకం వాసన చూస్తూ నూట పన్నెండో పేజీలో నా కంటికి తప్పిపోయిన అచ్చుతప్పు కనబడి బాధపడుతుంటే, మైకులో నన్ను పిలిచారు. స్టేజి దాకా ఎలా నడిచానో గుర్తులేదు. మాస్టారు నాకు శాలువా కప్పారు. ముదురు ఆకుపచ్చ, అంచుకు జరీ. జనం చప్పట్లు కొట్టారు. నాకూ బాగానే ఉంది. అబద్ధమెందుకు.

భవానీపురం వచ్చేసరికి ఎండ వాలుతోంది. శాలువా చేతి మీద వేసుకునే కింది వాటాలోకి వెళ్లాను. ఆంటీ మిషను ఆపి దాన్ని చూశారు. వేళ్లతో అంచు నలిపి చూశారు.

“డబ్బులిచ్చాక కప్పారా, ఇయ్యకముందా?”

“ఇచ్చాకే ఆంటీ. మిగతా పన్నెండు వారం ముందే పంపేశారు.”

“అయితే కప్పుకో” అని మళ్లీ మిషను వైపు తిరిగారు.

మూల నుంచి అంకుల్ చెయ్యి చాపారు. “ఇటియ్యి. బస్సులో ముడతలు పడ్డది.”